నూలు అందని మగ్గం

అమ్మలూ,

నువ్వు పంపిన ప్రెజెంటేషన్ రెండుసార్లు చదివాను. ఉద్యోగం మానేసి ఇద్దరు స్నేహితులతో ఏఐ చిప్ కంపెనీ పెడతానన్నావని మీ అమ్మ నిద్రపోవడం లేదు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. ముప్పై ఏళ్లు మెమరీ డిజైన్‌లోనే గడిపాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి స్లైడ్‌లో మీ చిప్ సెకనుకు ఎన్ని లెక్కలు చేస్తుందో పెద్ద అక్షరాల్లో పెట్టారు. అది తీసేయండి. మీరు అమ్మాల్సింది అది కాదు.

పొందూరులో మీ అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం నువ్వు చూడలేదు. గింజతో ఉన్న పత్తిని ఆ సన్నని పళ్లతో దువ్వి, తర్వాత గింజ తీసి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద వడికేది. రోజంతా కూర్చున్నా చేతికొచ్చే నూలు కొంచెమే. మగ్గం ఖాళీ అయితే నేతగాడు మా గుమ్మంలోకి వచ్చి కూర్చునేవాడు. అతనికి ఇంకో మగ్గం కొనిస్తే ఏం లాభం? నూలు కదా రావాలి.

ఏఐ చిప్‌లో జరుగుతున్నదీ ఇదే. ఒక లెక్క నీతో నువ్వే వేసి చూడు. 7,000 కోట్ల పారామీటర్లు (మోడల్ నేర్చుకున్న అంకెలు) ఉన్న మోడల్‌ని 8 బిట్లలో పెడితే 70 గిగాబైట్లు. ఒక్కరికే జవాబు చెబుతున్నప్పుడు, ఒక్కో టోకెన్‌కీ, అంటే జవాబులో వచ్చే ఒక్కో మాట ముక్కకీ, ఆ 70 గిగాబైట్లూ మెమరీ నుంచి రావాలి. ఎన్‌విడియా వాళ్ల ఏఐ చిప్ హెచ్100కి మెమరీ వేగం సెకనుకు 3.35 టెరాబైట్లు. అంటే ఒక టోకెన్‌కి 21 మిల్లీసెకన్లు తేవడానికే పోతాయి. వచ్చిన డేటా మీద లెక్క చేయడానికి ఆ చిప్‌కి మిల్లీసెకనులో పదోవంతు కూడా అక్కర్లేదు. మిగతా సమయమంతా మగ్గం ముందు కూర్చోవడమే.

చాలామందిని కలిపి ఒకేసారి నడిపితే ఆ తెచ్చిన ఖర్చు పంచుకోవచ్చు, నిజమే. కానీ ప్రతి మనిషి సంభాషణకీ విడిగా కేవీ క్యాష్, అంటే అప్పటిదాకా నడిచిన మాటల గుర్తు, ఉంటుంది, దాన్ని మామూలుగా ఇంకొకరితో పంచుకోలేం. మెటా వాళ్ల లామా 3.1లో ఈ సైజు మోడల్‌కి 16 బిట్లలో ఒక్కో టోకెన్‌కి 320 కిలోబైట్లు. సంభాషణ 32 వేల టోకెన్లకు చేరితే 10 గిగాబైట్లు దాటిపోతుంది. హెచ్100లో ఉన్నది 80. మోడల్ పెట్టాక ఒక్క మనిషికి కూడా సరిగ్గా చోటు లేదు. నీ స్లైడ్లలో కేవీ క్యాష్ మాటే లేదు. నా దృష్టిలో నీ కంపెనీకి అసలు పని అక్కడే ఉంది.

కరెంటు సంగతీ ఇంతే. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ హొరోవిట్జ్ 2014లో 45 నానోమీటర్ల చిప్‌లకు చూపిన లెక్క ప్రకారం, 32 బిట్ల గుణకారానికి 3.7 పికోజూల్స్ అయితే అదే 32 బిట్లు చిప్ బయటుండే మెమరీ, డీర్యామ్ నుంచి తేవడానికి 640. టెక్నాలజీ మారి అంకెలు మారాయి కానీ, తేవడమే ఖరీదన్న సంగతి మారలేదు.

అంతా ఎస్‌ర్యామ్‌లోనే, అంటే చిప్ లోపలి మెమరీలోనే, పెట్టేస్తామన్నావు. వేగం బ్రహ్మాండంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక్క బిట్‌కి ఆరు ట్రాన్సిస్టర్లు. గ్రాక్ (Groq) అనే చిప్ కంపెనీ మొదటి చిప్‌లో 230 మెగాబైట్లు ఉంది. 70 గిగాబైట్లకు అలాంటివి 300 పైచిలుకు కావాలి. కొత్త తయారీ ప్రాసెస్ వస్తే చిన్నదవుతుందని పెద్దగా ఆశ పెట్టుకోకు. చిప్‌లు తయారుచేసే టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్ల నుంచి 3 నానోమీటర్ల ఎన్3ఈకి వెళ్లినా ఎస్‌ర్యామ్ సెల్ 0.021 చదరపు మైక్రాన్ల దగ్గరే ఆగిపోయింది. హెచ్‌బీఎం (పొరలుగా పేర్చిన వేగమైన డీర్యామ్) వైపు వెళ్తే దాన్ని పెద్ద ఎత్తున చేసేది ఎస్‌కే హైనిక్స్, శాంసంగ్, మైక్రాన్. ఆ వరసలో చిన్న కంపెనీ ఎక్కడ నిలబడుతుందో నీకు తెలుసు. ఫోన్లలో వాడే ఎల్‌పీడీడీఆర్ మెమరీతో, కేవీ క్యాష్‌ని కుదించి పెట్టే ఒక్క పనితో మొదలుపెట్టగలవేమో ఆలోచించు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, ఇది మాత్రం మరిచిపోకు. మా టీమ్ ఒక మెమరీ కంట్రోలర్, అంటే మెమరీని నడిపించే చిప్, చేసింది. ల్యాబ్‌లో వారాల తరబడి తప్పు లేకుండా నడిచింది. కస్టమర్ దగ్గర మధ్యాహ్నం పూట మాత్రం డేటా పాడయ్యేది. డీర్యామ్ 85 డిగ్రీలు దాటితే 64 మిల్లీసెకన్లకు బదులు 32కే రిఫ్రెష్ చేయాలి, అంటే కారిపోయే చార్జిని మళ్లీ నింపాలి కదా. సరిగ్గా ఆ మార్పు జరిగే క్షణంలో డేటా రాయమనే కమాండ్ ఒకటి వస్తే మా కంట్రోలర్ ఒక వరసని రిఫ్రెష్ చేయకుండా వదిలేస్తోంది. ఏసీ ల్యాబ్‌లో ఆ వేడి ఎప్పుడూ రాలేదు. సిమ్యులేషన్‌లో ఆ రెండూ కలిసొచ్చే టెస్ట్ నేను రాయాలి, రాయలేదు. తేదీ దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో టేపౌట్ కాగితం, అంటే డిజైన్‌ని ఫ్యాక్టరీకి పంపే కాగితం మీద సంతకం పెట్టేశాను. మళ్లీ మాస్కులు (చిప్ అచ్చులు) చేయించి చిప్ తెప్పించేసరికి ఏడు నెలలు పట్టింది. మాది పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. మీ దగ్గర ఏడు నెలల జీతాలు ఉన్నాయా?

అందుకే డిజైన్‌కి ఒకరుంటే తప్పులు వెతికే వెరిఫికేషన్‌కి ఇద్దర్ని పెట్టుకో. ముందు ఎఫ్‌పీజీఏ (ఎన్నిసార్లయినా మార్చుకోగల చిప్) మీద నడిపించు. మోడల్‌ని మీ చిప్ భాషలోకి మార్చే కంపైలర్ రాసేవాళ్లని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టు. ఎన్‌విడియా చిప్‌లకు ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ CUDA 2007 నుంచి ఉంది, దానికి అలవాటుపడ్డవాళ్లు కోడ్ తిరగరాయమంటే రాయరు.

డబ్బు విషయం. కేంద్రం 2021లో తెచ్చిన డిజైన్ ప్రోత్సాహక పథకంలో ఖర్చులో సగం వరకు, 15 కోట్లకు మించకుండా, తిరిగి ఇచ్చేలా పెట్టారు. ముందు మీరు ఖర్చు పెట్టాలి, తర్వాతే వస్తుంది. దాన్ని చేతిలో ఉన్న డబ్బుగా లెక్కలో రాయకు. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో కనుక్కో. డిజైన్ సాఫ్ట్‌వేర్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ బెంగళూరు ఆఫీసులో ఉన్న చిప్‌ఇన్ సెంటర్‌ని అడుగు.

సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చేటప్పుడు ఏదో ఒక కస్టమర్ దగ్గర నిజంగా నడుస్తున్న మోడల్ మెమరీ ట్రేస్ ఒక్కటి పట్టుకురా. పండగ మూడు రోజులూ డాబా మీద కూర్చుని, ఏ బైటు ఎన్నిసార్లు వచ్చి వెళ్తోందో ఇద్దరం లెక్కపెడదాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య