నల్లరాతిలో తెల్లటి బాణం: ఆర్థోసెరాస్ అంటే ఏమిటి, దానికి అంత మోజెందుకు?

ఎగ్జిబిషన్‌లలో తెల్లటి బాణంలాంటి ఆకారమున్న, నున్నగా పాలిష్ చేసిన నల్లరాళ్లను ఆర్థోసెరాస్ పేరుతో అమ్ముతుంటారు. మీరు అలాంటిది చూసివుంటే, అది చాలావరకు మొరాకోదే అయివుంటుంది. అక్కడి ఎర్ఫూద్ ఊరి చుట్టుపక్కల ఇలాంటి సున్నపురాయిని కోసి అమ్మడం పెద్ద వ్యాపారం. అందులో తెల్లగా కనిపించేది సుమారు 40 కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవి గుల్ల. ఆక్టోపస్, స్క్విడ్‌లకు దూరపు చుట్టం. మన పూజగదుల్లోని శాలగ్రామాల్లో కనిపించే చుట్టలు చుట్టుకున్న అమ్మోనైట్‌లకూ బంధువే. కాకపోతే ఇది నిటారుగా ఉంటుంది.

దగ్గరగా చూడండి. గుల్ల పొడవునా వంపు తిరిగిన అడ్డుగోడలు, వెదురు కణుపుల్లా. వాటి మధ్య గదులు. జీవి ఉండేది వెడల్పాటి చివరి గదిలోనే. వెనక గదుల్లోంచి ఒక సన్నని గొట్టం పోతుంది. దానితో నీటిని తోడేసి, గ్యాస్ నింపుకుని తేలేది. చనిపోయాక ఆ ఖాళీల్లో కాల్సైట్ అనే ఖనిజం పేరుకుంది, ఆ తెలుపంతా అదే. కోత మధ్యగా పడితేనే గొట్టం కనిపిస్తుంది. అలాంటి ముక్కకే నా ఓటు.

పేరు విషయంలో మాత్రం చిన్న మెలిక ఉంది. అసలు ఆర్థోసెరాస్ ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ ప్రాంతపు రాళ్లలోది, ఇంకా పాతది. మొరాకోవాటికి అది అలవాటుగా అంటుకున్న పేరే.

మోజంటారా? అంత పాత వస్తువు, అయినా మామూలు జేబుకు అందుతుంది. పెద్ద పలకలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త: విడి గుల్లల్ని అందంగా అతికించి, చుట్టూ నల్లటి సిమెంటు పూసినవీ ఉంటాయి.