పాలగుమ్మి సాయినాథ్ ఎలాంటి జర్నలిస్టు? కొత్త విలేకరులు ఆయన నుంచి ఏం నేర్చుకోవాలి?

అనంతపురం జిల్లాలో కొన్నేళ్లు మండల విలేకరిగా చేశాను. ఆ అనుభవంతోనే చెబుతాను.

సాయినాథ్ 1957లో మద్రాసులో పుట్టారు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారి మనవడు. జేఎన్‌యూలో చరిత్ర చదివి, 1980లో వార్తా సంస్థ యూఎన్‌ఐలో చేరారు, తర్వాత బ్లిట్జ్ వారపత్రికకు వెళ్లారు. 1993లో టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్ రావడంతో కలహండి, రామనాథపురం, పలామూ లాంటి కడుపేద జిల్లాలు పట్టుకుని తిరిగారు. అందులో 5,000 కిలోమీటర్ల దాకా కాలినడకే. ఆ కథనాలే 1996లో 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' పుస్తకంగా వచ్చాయి.

పేదరికాన్ని మనం ఒక సంఘటనలా రాస్తాం, అది ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చే విషయం అంటారాయన. ఈ మాట నాకు ఆలస్యంగా అర్థమైంది. ఒక వేరుశనగ రైతు పురుగుల మందు తాగి చనిపోతే, 'అప్పుల బాధతో రైతు ఆత్మహత్య' అని నాలుగు లైన్లు పంపి ఊరుకున్నాను. పుస్తకం చదివాక మనసు ఒప్పక మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఆ రైతు భార్య ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు కుమ్మరించింది. బోర్లు వేయించిన రసీదులు, విత్తనాల బిల్లులు, బంగారం కుదువ పెట్టిన చీటీలు. నాలుగు బోర్లు వేస్తే నాలుగూ ఎండిపోయాయి. తేదీల వారీగా పేర్చుకుంటూ పోతే ఎనిమిదేళ్ల కథ బయటపడింది. ఆ పూట అక్కడే కూర్చుని అన్నీ రాసుకున్నాను. ఆమె కూడా రోజంతా చేలోనే పనిచేసేది, కానీ పట్టా ఆమె పేరిట లేదు. తమ పేరిట భూమి లేని ఆడవాళ్లు చనిపోతే రైతు ఆత్మహత్యల లెక్కలోకే రారని సాయినాథ్ ఎన్నోసార్లు రాశారు. అది ఎంత నిజమో ఆ ఇంట్లో చూశాను.

ఆయనకు 2007లో మెగసెసే అవార్డు వచ్చింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైఎస్సార్ జీవిత సాఫల్య పురస్కారం ప్రకటిస్తే మాత్రం వద్దన్నారు. తాము వార్తలు రాసే ప్రభుత్వాల నుంచి విలేకరులు అవార్డులు తీసుకోకూడదన్నది ఆయన పట్టుదల. నాకు మెగసెసే కన్నా ఇదే పెద్దదనిపిస్తుంది.

పుస్తకం దొరక్కపోతే, 2014లో ఆయన మొదలుపెట్టిన, పల్లె జనం కథనాలుండే 'పారి' వెబ్‌సైట్ తెలుగులో కూడా ఉంది, చూడండి. ఒక్కో కథనంలో విలేకరి ఏ ప్రశ్న అడిగి ఉంటే ఆ జవాబు వచ్చిందో పక్కన రాసుకుంటూ చదవండి. నేను ఇప్పటికీ అలాగే చదువుతాను.