పాత టీవీ చుక్కల్లో బిగ్ బ్యాంగ్ వెలుగు ఉందా?

ప్రశ్న: మా ఫ్రెండ్స్ అందరికీ సైన్స్ పిచ్చి, ఏ వింత విషయం తెలిసినా ఒకళ్లకొకళ్లం చెప్పుకోకుండా ఉండలేం. మొన్న ఒకడు, పాత టీవీలో చానల్ రానప్పుడు గరగరమంటూ కనపడే చుక్కలు బిగ్ బ్యాంగ్ (అదే, విశ్వం పుట్టుక) తాలూకు వెలుగు అన్నాడు, నాకైతే నమ్మబుద్ధి కాలేదు. నిజమేనా అండీ?

జవాబు: నిజమేనండీ, కాకపోతే చుక్కలన్నీ కాదు, దాదాపు నూటికి ఒక వంతు. మిగతాదంతా టీవీ సర్క్యూట్ల గోల, చుట్టుపక్కల కరెంటు వస్తువుల గోల. ఆ ఒక్క వంతు మాట చెప్పి ఉంటే మీరూ నమ్మేవాళ్లేమో.

అసలు ఇది ఎలా దొరికిందో తెలిస్తే ఇంకా బాగుంటుంది. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ వాళ్ల కొమ్ము ఆకారం యాంటెన్నాతో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అనే సైంటిస్టులు పనిచేస్తుంటే ఒక సన్నటి గరగర వచ్చేది, ఎటు తిప్పినా అదే, పగలూ అదే రాత్రీ అదే. న్యూయార్క్ సిటీ వల్లేమో అని అటు తిప్పి చూశారు, కాదు. యాంటెన్నా లోపల పావురాలు కాపురం పెట్టాయి, వాటిని పట్టుకుని దూరంగా పంపించి, రెట్టలన్నీ కడిగేశారు, అయినా పోలేదు! సరిగ్గా అప్పుడే దగ్గర్లోని ప్రిన్స్‌టన్‌ యూనివర్సిటీలో రాబర్ట్ డిక్కీ అనే సైంటిస్టు టీమ్ ఇదే వెలుగు కోసం వెతకడానికి పరికరం తయారుచేసుకుంటోంది, ఇద్దరికీ మాటలు కలిశాక ఆ గరగర బిగ్ బ్యాంగ్ వెలుగేనని తేలింది. 1965లో పేపర్లు వచ్చాయి, 1978లో పెంజియాస్, విల్సన్‌లకి నోబెల్ వచ్చింది.

విశ్వం పుట్టిన దాదాపు 3,80,000 ఏళ్లకి, వేడి తగ్గి ఎలక్ట్రాన్లు న్యూక్లియస్‌లతో కలిసి పరమాణువులైనప్పుడు, అప్పటిదాకా ఎటూ కదలలేక చిక్కుకుపోయిన వెలుగు బయటపడింది. అప్పుడు దాని వేడి దాదాపు 2,700 డిగ్రీల సెల్సియస్, ఆ తర్వాత విశ్వం సాగుతూ సాగుతూ ఆ వెలుగుని కూడా 1100 రెట్లు సాగదీసేసరికి ఇప్పుడది మైక్రోవేవ్‌గా, అంటే కంటికి కనపడని ఒక రకం రేడియో తరంగాలుగా, మైనస్ 270 డిగ్రీల సెల్సియస్ చలిలో మిగిలింది. ఇప్పటికీ మీ చుట్టూ ప్రతి క్యూబిక్ సెంటీమీటర్‌లో ఆ ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, దాదాపు 400 ఉంటాయి, నాకు టీవీ చుక్కల కన్నా ఇదే ఒళ్లు జలదరించే విషయం. ఈసారి ఎవరికైనా చెప్తే పావురాల సంగతి కూడా చెప్పండి, అన్ని అనుమానాలూ ఒక్కోటి తీసేస్తూ వచ్చారు కాబట్టే కదా అది దొరికింది.

ప్రశ్న: శుక్రుడి మీద ఏడాది కన్నా రోజే పెద్దదని మా అక్క, కాదు రోజంటే 117 రోజులే అని నేను. ఎవరు కరెక్ట్?

జవాబు: ఇద్దరూ. శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి మన లెక్కలో 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు పడుతుంది, మీ అక్క చెప్పింది ఆ లెక్క. కానీ అది తన చుట్టూ తాను మనకి రివర్స్‌లో తిరుగుతుంది కాబట్టి ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి 117 రోజులే, మీది ఈ లెక్క. అన్నట్టు అక్కడ సూర్యుడు పొడిచేది పడమటే.