వెనక ఎడమ స్పీకర్ తగ్గిందా, ఎడమ చెవి తగ్గిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అట్లాంటా దగ్గర ఆల్ఫారెట్టాలో ఉంటున్నాం. ఈ దేశం వచ్చాక సదరన్ రాక్ (అమెరికా దక్షిణాది రాక్) సంగీతం మీద ఇష్టం పెరిగింది. కిందటేడు బేస్‌మెంట్‌లో 5.1 సరౌండ్ సిస్టమ్ (చుట్టూ ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) పెట్టించాను. ఆల్మన్ బ్రదర్స్, లెనర్డ్ స్కినర్డ్ లాంటి బ్యాండ్ల పాత ఆల్బమ్‌లు సరౌండ్‌లో ఎన్ని దొరికితే అన్నీ కొన్నాను. వారంలో నాలుగైదు రాత్రులు, రెండేసి గంటలు వింటాను. స్పీకర్లని నడిపే రిసీవర్ వాల్యూమ్ మైనస్ 10 దగ్గర ఉంటుంది. ఈ మధ్య వెనక ఎడమ స్పీకర్ సరిగా పలకడం లేదనిపించి దానొక్కదాని లెవెల్ 5 డెసిబెల్స్ పెంచాను. మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చినప్పుడు విని ‘అదొక్కటే అరుస్తోంది నాన్నా’ అన్నాడు. పాటలు ఆపాక ఎడమ చెవిలో కీచుమని మోగుతోంది. ఒక్కోసారి తెల్లారేదాకా తగ్గదు. ఫంక్షన్లకి వెళ్తే పక్కవాళ్ల మాటలు అర్థం కావడం లేదు. బీపీకి మాత్ర, రోజూ 81 మిల్లీగ్రాముల యాస్ప్రిన్ వేసుకుంటాను. షుగర్ లేదు. సరౌండ్‌లో వింటే చెవులు పాడవుతాయా? మా ఆవిడ ఆ గదికి తాళం వేస్తానంటోంది. సెప్టెంబర్‌లో మేకన్‌లో ఒక కచేరీకి టికెట్లు కొన్నాం. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఆల్ఫారెట్టా

జవాబు: ముందు ఆ స్పీకర్ లెవెల్ మళ్లీ పాత చోటికి తెచ్చేయండి. మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసింది చెవిలో మోత కాదు, మీ అబ్బాయి అన్న మాట. ఇరవై ఏళ్ల కుర్రాడి చెవికి అరుస్తున్నట్టున్న స్పీకర్ మీకు పలకనట్టు ఉందంటే, మీ ఎడమ చెవి వినికిడి తగ్గి ఉండొచ్చు.

దీన్ని ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. పాటలతో మాత్రం చూడకండి. లైవ్ ఆల్బమ్‌ల సరౌండ్ మిక్స్‌లో బ్యాండంతా ముందు ఉండి, వెనక స్పీకర్లకి చప్పట్లు, హాలు మోత మాత్రమే ఇవ్వడం మామూలు. అక్కడ తక్కువ వినిపించడం మిక్స్ చేసినవాళ్ల ఉద్దేశమే కావచ్చు. రిసీవర్ సెట్టింగుల్లో ఒక్కో స్పీకర్ నుంచి ‘స్స్‌స్’మని వచ్చే టెస్ట్ టోన్ ఉంటుంది, అది పెట్టండి. మామూలుగా కూర్చుని ఒకసారి వినండి. తర్వాత కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పి, స్క్రీన్‌కి వీపు పెట్టి మళ్లీ వినండి. ఇప్పుడు మీకు ఎడమ పక్కన ఉన్నవి వేరే స్పీకర్లు. ఇందాక తగ్గినట్టనిపించిన స్పీకర్ ఇప్పుడు బాగా వినిపించి, కొత్తగా ఎడమ పక్కకొచ్చినవి తగ్గినట్టుంటే సమస్య మీ చెవిది. తిరిగి కూర్చున్నా అదే స్పీకర్ తక్కువగా ఉంటే వైరో, స్పీకరో, గది గోడలో కారణం. అప్పుడు నా అవసరం లేదు, ఆ సిస్టమ్ బిగించినతన్ని పిలవండి.

మామూలు స్టీరియోలో అయితే ఈ తేడా మీరు గమనించకపోయేవారేమో. సరౌండ్ సంగతి వేరు. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత చిన్న తేడాని, రెండు చెవులకీ వినపడే గట్టిదనంలో తేడాని కలిపి చూసుకునే మెదడు శబ్దం ఎటునుంచి వస్తోందో చెబుతుంది. ముందా వెనకా అనేది తేల్చడానికి చెవి దొప్ప ఆకారం సాయం చేస్తుంది, అది ఎక్కువగా సన్నని, పైస్థాయి శబ్దాల మీద ఆధారపడుతుంది. వయసుతోనూ పెద్ద శబ్దాలతోనూ ముందు తగ్గేది ఆ పైస్థాయి వినికిడే. కాబట్టి వెనకవైపు శబ్దం తగ్గినట్టు అనిపించడం తొలి ఫిర్యాదు అవడంలో వింతేమీ లేదు. ఫంక్షన్ల గోలలో మాట విడదీసి పట్టుకోలేకపోవడం కూడా ఈ కోవదే. మా దగ్గరికి వచ్చే చాలామంది ‘వినపడుతుంది డాక్టర్, అర్థం కాదు’ అనే మొదలుపెడతారు.

ఇక అసలు విషయం. పెద్ద మోతలో ఏళ్ల తరబడి ఉంటే వినికిడి సాధారణంగా రెండు చెవుల్లోనూ దాదాపు సమానంగా తగ్గుతుంది. మీకు ఎడమ ఒక్కటే తగ్గినట్టుంది, ఎడమ ఒక్కటే మోగుతోంది. అందుకే దీన్ని ‘గట్టిగా పాటలు విన్నారు, అందుకే ఇలా అయింది’ అని తోసేయడానికి లేదు. గులిమి గట్టిపడి అడ్డుపడటం నుంచి, కర్ణభేరి వెనక నీరు చేరడం, లోపలి చిన్న ఎముకలు బిగుసుకోవడం, లోపలి చెవి జబ్బుల దాకా ఏదైనా కావచ్చు. అరుదుగా వినికిడి నరం మీద గడ్డ కూడా కారణమవుతుంది. అది క్యాన్సర్ కాదు, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కానీ చిన్నగా ఉన్నప్పుడే తెలిస్తే మంచిది. ఇది చదివి ఈ రాత్రి నిద్ర మానుకోకండి. ఒక వైపు వినికిడి తగ్గి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఆ గడ్డ ఉండదు. అయినా చూడకుండా లేదని చెప్పలేం.

మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. చెవి లోపల చూశాక ఆడియోమెట్రీ చేస్తారు. బొంగురు స్వరం నుంచి కీచు స్వరం దాకా (250 నుంచి 8000 హెర్ట్జ్) ఒక్కో స్వరం ఎంత చిన్నగా ఉన్నా వినగలుగుతున్నారో రెండు చెవులకీ విడిగా కొలుస్తారు. పెద్ద శబ్దాల వల్ల వచ్చిన దెబ్బయితే గ్రాఫ్ 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడినట్టు దిగి, 8000 దగ్గర మళ్లీ కొంచెం లేస్తుంది. కర్ణభేరి కదలికకి టింపనోమెట్రీ ఉంటుంది. మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్ష కూడా చేస్తారు. అందులో ఇచ్చేవి ఇంగ్లిష్ పదాలు. చిన్నప్పటినుంచి ఇంగ్లిష్‌లో పెరగనివాళ్లకి అందులో మార్కులు కాస్త తగ్గొచ్చు, మీ మాతృభాష తెలుగని ముందే చెప్పండి. రెండు చెవుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలితే ఎంఆర్ఐ రాస్తారు, వద్దనకండి.

‘డిసెంబర్‌లో ఇండియా వెళ్తాం కదా, హైదరాబాద్‌లో ఒకేసారి అన్నీ చేయించుకుందాం’ అనే లెక్క మీ మనసులో ఉంటే తీసేయండి. మన ఎన్నారైలలో ఈ అలవాటు ఎక్కువ. పళ్లకీ కళ్లజోడుకీ అది నడుస్తుందేమో, దీనికి నడవదు. ఈలోగా ఇంట్లో ఎవరైనా వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోస్తానంటే ఒప్పుకోవద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే కొత్త సమస్య తయారవుతుంది.

యాస్ప్రిన్ గురించి అడగలేదు గానీ, రాశారంటే అనుమానం ఉన్నట్టే. పెద్ద మోతాదుల్లో యాస్ప్రిన్ చెవుల్లో మోత తెస్తుంది, మందు ఆపితే తగ్గుతుంది. 81 మిల్లీగ్రాములతో అది జరగదు. గుండె కోసం ఇచ్చిన మాత్రని మీ అంతట మీరు ఆపకండి. బీపీ మందు పేరు రాయలేదు. ఫ్యూరోసెమైడ్ అయితే డాక్టర్‌తో ఆ మాట అనండి, అది కూడా చెవి మీద ప్రభావం చూపొచ్చు.

ఇప్పుడు సరౌండ్ సంగతి. ఐదు స్పీకర్లు ఉండటం చెవికి హాని కాదు. హాని చేసేది చెవి దగ్గరికి చేరే మొత్తం శబ్దం, అది ఎంతసేపు చేరిందన్నది. ఐదు స్పీకర్లూ ఒకే స్థాయిలో మోగితే ఒక్కదానికంటే 7 డెసిబెల్స్ ఎక్కువ అవుతుంది. పైగా మంచి సిస్టమ్‌లో శబ్దం చీలిపోకుండా, నలువైపుల నుంచీ శుభ్రంగా వస్తుంది కాబట్టి ఎక్కువైందన్న సంగతి తెలియదు. పాత టేప్‌రికార్డర్ బరబరలాడి మనల్ని హెచ్చరించేది.

మీరు రాసిన మైనస్ 10 చూసి కొంచెం ఆందోళనపడ్డాను. సినిమా హాలు ప్రమాణానికి సెట్ చేసిన రిసీవర్‌లో 0 దగ్గర ఒక్కో ముఖ్య స్పీకర్ 105 డెసిబెల్స్ దాకా ఎగరగలదు, మైనస్ 10 అంటే 95. సినిమాలో అంత మోత పేలుళ్లకీ పోట్లాటలకీ, కొన్ని క్షణాలు. మీరు వినే సంగీతం అలా ఆగి ఆగి సాగేది కాదు. ఆల్మన్ బ్రదర్స్‌లో ఇద్దరు డ్రమ్మర్లు, డ్యూయేన్ ఆల్మన్, డికీ బెట్స్ అని ఇద్దరు లీడ్ గిటారిస్టులు. లెనర్డ్ స్కినర్డ్‌లో ఏకంగా మూడు గిటార్లు. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో రికార్డ్ చేసిన ఆల్మన్ బ్రదర్స్ డబుల్ ఆల్బమ్‌లో (రెండు రికార్డులు, నాలుగు వైపులు) నాలుగో వైపంతా ఒకే పాట, దాదాపు 23 నిమిషాలు. ఊపిరి తీసుకునే సందు చెవికి దొరకదు. చాలామంది నేల అదిరించే సబ్‌వూఫర్‌ని చూసి భయపడతారు. నిజానికి మన చెవి గొట్టం 3000 హెర్ట్జ్ ప్రాంతంలోని శబ్దాన్ని ఇంకా పెంచి లోపలికి పంపుతుంది. గిటార్ పదును, డ్రమ్స్ దగ్గర మోగే సింబల్స్ చురుకు ఉండేది అక్కడే. బేస్ తగ్గించి గిటార్లు అలాగే ఉంచితే పక్కింటివాళ్లకి ఉపశమనం, మీ చెవికి పెద్దగా ఏమీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. 95కి వచ్చేసరికి వారం మొత్తానికి గంటా పావు. ఆ ఫిల్‌మోర్ ఆల్బమ్ నిడివి కూడా సుమారు అంతే. అంటే 95 సగటుతో వింటే వారానికి ఒక్కసారితో కోటా సరి. మీరు వింటున్నది ఎనిమిది నుంచి పది గంటలు. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఐఫోన్‌కి ఉచితంగా ఇచ్చే సౌండ్ లెవెల్ మీటర్ యాప్ దింపుకుని, మీరు కూర్చునే చోట తల ఎత్తులో ఫోన్ పట్టుకుని ఒక పాట పూర్తయ్యేదాకా సగటు కొలవండి. క్షణానికో అంకె మారుతుంది, దాన్ని చూసి లాభం లేదు.

పరీక్షలు అయ్యేదాకా ఆ గదిలో పాటలు ఆపండి, లేదా ఎదుటివాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడగలిగేంత చిన్నగా పెట్టుకోండి. తెల్లారేదాకా మోగడం అంటే లోపలి చెవికి తట్టుకోలేనంత పని పడిందని అర్థం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒక్కో చెవికి పదిహేను వేల చిల్లర, పోయినవి మనుషుల్లో మళ్లీ పుట్టవు. మోత తగ్గి వినికిడి మామూలైందనుకున్నా, ఆ కణాల్ని నరానికి కలిపే లంకెలు శాశ్వతంగా తెగి ఉండొచ్చని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. డ్యూయేన్ ఆల్మన్‌తో కలిసి 1970లో ఆల్బమ్ చేసిన ఎరిక్ క్లాప్టన్, తన చెవుల్లో మోత ఉందని, వినికిడి తగ్గుతోందని 2018లో తనే బయటపెట్టాడు.

మానేయమని మాత్రం అనను. చెవిలో మోత ఉన్నవాళ్లు పూర్తి నిశ్శబ్దంలో కూర్చుంటే ఆ మోత ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది, చిన్న స్థాయిలో సంగీతం మంచిదే. పరీక్షలో ప్రమాదమేమీ లేదని తేలితే సగటు 80 దగ్గర, మధ్యలో విరామంతో వినండి. ఎడమవైపు తగ్గిందని మళ్లీ స్పీకర్లు పెంచుకోకండి. అప్పటికి వినికిడి యంత్రం అవసరమని ఆడియాలజిస్ట్ అంటే, సంగీతానికి విడిగా ప్రోగ్రామ్ పెట్టమని అడగండి. మాట కోసం చేసిన సెట్టింగ్‌లో గిటార్లు రేకు డబ్బా మోతలా వినిపిస్తాయి. అమెరికాలో 2022 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్న యంత్రాలు మీరు ముందే కొనేయొద్దు. ఒక్క చెవి తగ్గినవాళ్లు కారణం తెలుసుకోకుండా వాటి జోలికి వెళ్లకూడదు. మీ ఆవిడగారికి చెప్పండి, తాళం ఓ నెల చాలు.

మేకన్ వెళ్లండి. ఆల్మన్ బ్రదర్స్ ఊరు, అంత దగ్గరుండి మానుకోమనడం అన్యాయం. స్టేజీ పక్క స్పీకర్ల గుట్టకి దూరంగా కూర్చోండి. ఫోమ్ ప్లగ్స్ పైస్థాయి శబ్దాన్నే ఎక్కువ కోసేసి పాటని మొద్దుగా చేస్తాయి. సంగీతకారులు వాడే ఫిల్టర్ ఇయర్ ప్లగ్స్ అన్ని స్థాయిల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, 15 డెసిబెల్స్ రకం అడగండి. ‘పాడైంది ఎడమే కదా’ అని కుడి చెవి వదిలేయకండి, రెండిటికీ పెట్టుకోండి.

ఈలోగా ఎడమ చెవి ఉన్నట్టుండి, కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ఇంకా మూసుకుపోయినట్టయితే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి. అది ఎమర్జెన్సీ. స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ, రెండు వారాలు దాటాక ప్రయోజనం బాగా తగ్గిపోతుంది. కళ్లు తిరగడం, ముఖం ఒక పక్క మెల్లగా మొద్దుబారుతూ రావడం, చెవిలో మోత గుండె కొట్టుకున్నట్టు లయగా రావడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. ముఖం ఉన్నట్టుండి ఒక పక్క మొద్దుబారితే, మూతి ఒక పక్కకి లాగేస్తే, లేదా కళ్లు తిరగడంతో పాటు మాట తడబడటం, నడక తూలడం ఉంటే అది పక్షవాతం కావచ్చు, నేరుగా 911కి చేయండి.