మీటింగ్ గదికి 4కే కెమెరా అవసరమా?

ప్రశ్న: మా ఆఫీసు మీటింగ్ గది 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. ఎనిమిది మందిమి కూర్చుంటే ల్యాప్‌టాప్ కెమెరాలో ముగ్గురే కనిపిస్తున్నారు. 4కే కెమెరా కొనమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 4కే అన్న మాట చూసి డబ్బు పెట్టకండమ్మా. వీడియో కాల్‌లో అవతలివాళ్లకి మామూలుగా చేరేది 4కే కన్నా స్పష్టత బాగా తక్కువుండే 720పీ, మహా అయితే 1080పీ బొమ్మే. ముందు చూడాల్సింది లెన్స్ ఎంత వెడల్పు పట్టుకుంటుందని. అడ్డంగా 90 డిగ్రీలు చూసే లెన్స్‌కి 6 అడుగుల దూరంలో సరిగ్గా 12 అడుగులు, అంటే మీ గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పడుతుంది, కాబట్టి మొదటి కుర్చీల్ని కెమెరాకి ఆ మాత్రం దూరం జరపగలిగితే 90 చాలు, జరపలేకపోతేనే 120 తీసుకోండి. 120లో ఇబ్బందేమిటంటే, టేబుల్ ఆ చివర కూర్చున్నవారి ముఖం చింతగింజంత కనిపిస్తుంది. అందుకే మీలాంటి పొడవాటి గదికి ఆప్టికల్ జూమ్ (స్పష్టత తగ్గకుండా లెన్సే దూరపు బొమ్మని దగ్గరికి తేవడం) ఉన్న, అటూ ఇటూ తిరిగే పీటీజెడ్ కెమెరానే మేలని నా అభిప్రాయం.

దాన్ని టీవీ కింద, కూర్చున్నవారి కళ్ల ఎత్తులో బిగించండి. ఎదురుగా కిటికీ ఉంటే మాత్రం కర్టెన్ వేయాల్సిందే, లేకపోతే ఎంత ఖరీదైన కెమెరాలోనైనా ముఖాలు నల్లగానే వస్తాయి. యూఎస్‌బీ 3 వైరు 3 మీటర్లు దాటితే మామూలుది కాకుండా, సిగ్నల్ తగ్గకుండా బలపరిచే చిప్ ఉన్న యాక్టివ్ కేబుల్ అడిగి కొనండి. ఇంకొకటి, బడ్జెట్‌లో కొంత టేబుల్ మధ్యలో పెట్టే మైకుకి తప్పకుండా ఉంచండి, బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటారు గానీ మాట వినబడకపోతే మీటింగే జరగదు.