వలస చట్టం మార్పుపై ఉద్దానం ఏమంటోంది?

విదేశాలకు పనికి వెళ్లేవాళ్లకు వర్తించే 1983 ఎమిగ్రేషన్ చట్టాన్ని మార్చడంపై సిక్కోలు (శ్రీకాకుళం) జనం ఏమనుకుంటున్నారని అడిగారు. మారాలన్నదే ఎక్కువగా వినిపించే మాట. ఎలా అన్న దగ్గరే ఒకే ఇంట్లో రెండు మాటలు.

అసలు చిక్కు ఈసీఆర్‌తో, అంటే ‘వలస తనిఖీ అవసరం’ అన్న ముద్రతో. పది పాసవని వాళ్ల పాస్‌పోర్టుకే ఆ ముద్ర. వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ తీసుకోవాలి, 10 లక్షల రూపాయల పరిహారం వచ్చే ప్రవాసీ బీమా తీసుకోవాలి. కానీ మన ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లే కుర్రాళ్లలో పది పాసై ఐటీఐ చేసినవాళ్లు బోలెడుమంది. వాళ్లకు క్లియరెన్స్ అక్కర్లేదు, అందుకే ఆ రక్షణా అందదు. ఏజెంట్లు పని వీసా బదులు విజిట్ వీసా మీద విమానం ఎక్కించేస్తే ఇక చెప్పక్కర్లేదు. అక్కడ మనిషి పోతే ఇల్లాలికి ఎవరిని అడగాలో కూడా తెలియదు.

ఏజెంటు రుసుము జీఎస్టీ కాక 30,000 రూపాయలు దాటకూడదు. రసీదు లేకుండా అంతకు ఎన్నో రెట్లు గుంజేవాళ్లున్నారు, ఆ డబ్బంతా వడ్డీకి తెచ్చిందే. అందుకే తల్లిదండ్రులు ఏజెంట్లకు కఠిన శిక్షలు కావాలంటారు. కుర్రాళ్లకేమో కాగితాలు పెరిగి వీసా చేజారుతుందన్న భయం. అదీ న్యాయమైన భయమే.

నా మటుకు నాకు, చదువుతో పనిలేకుండా వెళ్లే ప్రతి ఒక్కరి పేరూ నమోదు కావాలి. అది జిల్లాలోనే, ఉచితంగా జరగాలి. జరిమానా మాత్రం ఏజెంటుకే పడాలి. ఈలోగా డబ్బు కట్టేముందు ఏజెంటు లైసెన్సు నంబరును ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి.