పదికి ఐదు అని అబద్ధం చెప్పాను

అడిగిన ప్రశ్న: "మా నాన్నగారికి వచ్చే వారం ఊపిరితిత్తి ఆపరేషన్. రిటైర్డ్ హెడ్మాస్టరు, డెబ్బై ఏళ్ళు. తర్వాత నొప్పి భరించలేనంతగా ఉంటుందని అందరూ భయపెడుతున్నారు. చేయించుకున్నవాళ్ళు ఎలా తట్టుకున్నారు? ఎన్నాళ్ళకు తగ్గింది?"

తట్టుకోలేదండీ. తట్టుకుందామని చూసి దెబ్బతిన్నాను. ఆ సంగతి చెప్పడానికే రాస్తున్నాను.

నేను చీరాల దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. పోయినేడాది ఆగస్టులో నిమోనియా వచ్చింది. మామూలు జ్వరమే కదా అని పారాసెటమాల్ మింగుతూ వారం పది రోజులు బడికి వెళ్ళాను. తీరా చూస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది. ట్యూబు వేసి తీశారు గానీ మొత్తం రాలేదు. మిగిలింది గట్టిపడి తొక్కలాగా ఊపిరితిత్తిని పట్టేసింది. లోపల అది విచ్చుకోవడం లేదు, ఆ తొక్క ఒలవాలి, దాన్ని డెకార్టికేషన్ అంటారు అని విజయవాడలో చెప్పారు. "బత్తాయి తొన మీద పొర తీసినట్టేనమ్మా" అన్నారు సర్జనుగారు. ఆ తొన దాకా వెళ్ళాలంటే వీపు పక్క నుంచి రొమ్ము కింద దాకా కోసి, రెండు పక్కటెముకల్ని పనిముట్టుతో ఎడంగా లాగి పట్టుకోవాలన్న ముక్క మాత్రం ఆయన చెప్పలేదు. అది తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే పద్ధతి కూడా ఉంది, దాంట్లో నొప్పి తక్కువ. నాకు పొర మందంగా ఉందని కోసే చేశారు. మీ నాన్నగారికి ఏది చేస్తారో ఇప్పుడే అడగండి, సగం భయం అక్కడే తేలిపోతుంది.

ఇంకో విచిత్రం. ఊపిరితిత్తికి నొప్పి తెలియదట. దాన్ని కోసినా దానికి తెలియదు. నొప్పంతా ఛాతీ గోడది, గోడ లోపలి పొరది, ప్రతి పక్కటెముక కింది అంచునా పరిగెత్తే నరానిది. ఎముకల్ని లాగినప్పుడు నలిగేది ఆ నరమే. కాలు విరిగితే కాలు కదపకుండా పడుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. నిమిషానికి పదిహేను ఇరవై సార్లు ఊపిరి తీసుకుని తీరాలి, తీసుకున్నప్పుడల్లా గాయం కదులుతుంది.

మొదటి రెండు రోజులు నిజం చెప్పాలంటే హాయిగానే ఉన్నాను. వీపులో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కిస్తారు, ఎపిడ్యూరల్. కాన్పులప్పుడు వద్దన్న దాన్ని ఇప్పుడు పెట్టించుకున్నాను. పక్కటెముకల మధ్య నుంచి రెండు ట్యూబులు, మంచం కింద బాటిల్లో నీళ్ళు. ఊపిరి తీసినప్పుడు ట్యూబులో నీరు పైకి, వదిలినప్పుడు కిందికి. దగ్గితే బుడగలు. రెండు రోజులు ఆ బుడగలు లెక్కపెట్టుకుంటూ గడిపాను. కోసింది ఛాతీ దగ్గరైతే పీకేది కుడి భుజం, ఎందుకో అర్థం కాక ఆ పక్కన పడుకోలేదు కదా అని ఆలోచించాను. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరానికి వెళ్ళే నరం ఇబ్బంది పడితే నొప్పి భుజంలో తెలుస్తుందని చెప్పారు. మీ నాన్నగారు భుజం నొప్పి అంటే కంగారుపడకండి, అలాగని చెప్పకుండానూ ఉండకండి.

మూడో రోజు సాయంత్రం ఎపిడ్యూరల్ తీసేశారు. దాని బదులు కేసుషీటులో ఒక ఇంజెక్షన్ పేరు రాసి పక్కన ఎస్.ఓ.ఎస్. అని పెట్టారు. అంటే అవసరమైతే ఇవ్వండి అని. నాకు ఈ మూడక్షరాల మీద ఉన్నంత కోపం ఆ నిమోనియా మీద కూడా లేదు. అవసరమైందని ఎవరు చెప్పాలి? పేషెంటు చెప్పాలి. మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు చెబుతారా? చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే "ఏం కాలేదు, లే" అన్నారు. నెలసరి నొప్పికి "అందరికీ ఉండేదే" అన్నారు. నలభై ఏళ్ళు అలా తర్ఫీదు ఇచ్చి, ఇప్పుడు అర్ధరాత్రి బెల్లు నొక్కి "నాకు నొప్పిగా ఉంది, ఇంజెక్షన్ ఇవ్వండి" అని అడగమంటే నోరెలా వస్తుంది?

ఆ రాత్రి నా దగ్గర మా అత్తయ్య ఉంది. మంచి మనిషి, నాకోసం తిండి కూడా మానేసింది. కానీ ఎనిమిదింటికి నేను మూలిగితే, "రెండు కాన్పులు ఓర్చుకున్నదానివి, ఇదెంత? ఆ నొప్పి సూదులు కిడ్నీలు తినేస్తాయంట, మా పిన్ని కొడుక్కి అలాగే అయింది" అంది. నేనూ సరేలే అనుకున్నాను. నర్సు తొమ్మిదింటికి వచ్చి "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగింది. ఐదు అన్నాను. లెక్కల టీచర్ని. అది తొమ్మిది.

నొప్పికి భయపడి నేను చేసిన పని ఊపిరి సగమే తీసుకోవడం. తర్వాత పావు. దగ్గు వస్తే గొంతులోనే నొక్కేయడం. గంట గంటకీ కఫం లోపల చేరుతోంది, ఊపిరి తీస్తే హుక్కా గురగుర లాంటి శబ్దం. అత్తయ్య కుర్చీలో కునుకు తీస్తోంది. పక్క గదిలో ఎవరో టీవీలో సీరియల్ పెద్ద సౌండుతో పెట్టారు (రాత్రి పదకొండు దాటాక వార్డులో టీవీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు). రెండు గంటలకు వేలికి పెట్టిన మెషిన్ కూత మొదలెట్టింది. ఆక్సిజన్ 88. ఒళ్ళు కాలిపోతోంది.

పరిగెత్తుకొచ్చిన నర్సు శ్రీకాకుళం పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు. మాస్కు పెట్టి, నా మొహం చూసి, "ఏటి టీచరుగారూ, ఐదంటన్నారు, దుప్పటి చూస్తే నోట్లో ఉంది?" అంది. అవును, దుప్పటి అంచు కొరుకుతున్నాను. నాకే తెలియదు. "ఇంజెక్షన్ వద్దు, ఓర్చుకుంటాను" అన్నాను. అప్పుడు ఆ పిల్ల తిట్టిన తిట్టు నేను జన్మలో మర్చిపోను. "మీరు ఓర్చుకుంటే మీ కఫం ఓర్చుకోదు కదా! లోపల గడ్డకట్టి మళ్ళీ నిమోనియా వస్తే మళ్ళీ కోయించుకుంటారా? ఇది నొప్పి తగ్గడానికి కాదు, దగ్గడానికి."

డ్యూటీ డాక్టర్ని పిలిచి, సెలైన్లో ట్రమడాల్ అనే నొప్పి మందు కలిపి ఎక్కించింది. నెబ్యులైజర్ పెట్టింది. ఇరవై నిమిషాలు ఆగి, మంచం తల వైపు ఎత్తి నన్ను కూర్చోబెట్టింది. దిండుని మధ్యకు మడిచి గాయం మీద పెట్టి, నా చెయ్యి దాని మీద వేసి, పైనుంచి తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "మూడు సార్లు నిండుగా ఊపిరి. నాలుగోసారి దగ్గండి. దిండు నాది, దగ్గు మీది." మొదటి దగ్గుకి కళ్ళముందు చుక్కలు కనపడ్డాయి. రెండోదానికి ఏమీ రాలేదు. నాలుగోదో ఐదోదో, లోపల ఏదో ఊడినట్టయింది. తుమ్మ బంకలాగా గోధుమ రంగు ముద్ద, బొటనవేలంత. కింద బాటిల్లో బుడబుడమని బుడగలు. తర్వాత తీసుకున్న ఊపిరి ఎంత లోపలికి వెళ్ళిందంటే, నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య కూడా ఏడ్చింది. పావుగంటలో ఆక్సిజన్ 94.

పొద్దున రౌండ్సులో పెద్ద డాక్టరుగారు నా దగ్గర ఎంతసేపున్నారో లెక్కపెట్టాను, నలభై సెకన్లు. "బాగున్నారా? గుడ్." ఆ పిల్ల అప్పటికే డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. డ్యూటీ డాక్టర్ని బతిమాలి, ఎస్.ఓ.ఎస్. కొట్టేయించి టైములు రాయించుకున్నాను. పారాసెటమాల్ ఆరు గంటలకోసారి, ట్రమడాల్ ఎనిమిది గంటలకోసారి, నొప్పి ఉన్నా లేకపోయినా. ఇక అక్కణ్ణుంచి ఆట మారిపోయింది. నొప్పి పూర్తిగా లేచాక దాన్ని కూర్చోబెట్టడానికి ఎక్కువ మందు కావాలి. లేవకముందే వేసుకుంటే కొంచెంతో సరిపోతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి పదింటికి వస్తుందంటే తొమ్మిదిన్నరకల్లా మాత్ర పడాలి. ఊపిరి కసరత్తుకి ఇచ్చే ఆ మూడు బంతుల స్పైరోమీటర్ ఉంటుంది చూడండి. మాత్ర వేసుకోకుండా ఊదబోతే ఒక్క బంతి కూడా కదల్లేదు. అన్నట్టు అది ఊదేది కాదు, పీల్చేది. వార్డులో సగం మంది ఊదుతూ కనిపించారు, ఎవరూ సరిగ్గా చెప్పరు.

కిడ్నీల గురించి. కిడ్నీకి చెరుపు చేసేవి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు, ముఖ్యంగా ఎక్కువ రోజులు వాడినా, ముందే కిడ్నీ బలహీనంగా ఉన్నా. మీ నాన్నగారికి డెబ్బై కాబట్టి షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో డాక్టరుకి చెప్పి ఏ మాత్రలు కుదురుతాయో అడగండి. పారాసెటమాల్ లెక్కలో వాడితే కిడ్నీకి పెద్ద భయం లేదు. రోజుకు నాలుగు గ్రాములు దాటితే మాత్రం లివరుకి ముప్పు, పెద్దవాళ్ళకి ఇంకా తక్కువే ఇస్తారు. ఈ తేడా చెప్పకుండా "నొప్పి మాత్రలన్నీ విషం" అని ఊళ్ళో ప్రతి అరుగు మీదా చెబుతారు. అదే అరుగు మీదవాళ్ళు గ్యాస్ మాత్ర పదేళ్ళుగా వేసుకుంటుంటారు.

మాటల్లో మాట. మా పెదనాన్న క్యాన్సరుతో ఉన్నప్పుడు మార్ఫిన్ మాత్ర కోసం మా అన్నయ్య తిరగని షాపు లేదు. ఆ మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్ నీమచ్ వైపు, ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు. 1985 నాటి మత్తుమందుల చట్టానికి భయపడి షాపులవాళ్ళు పెట్టుకోరు. 2014లో చట్టం సడలించినా ఆ భయం పోలేదు. చివరికి హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాం. ఇది మీరు అడగలేదని తెలుసు.

ట్రమడాల్‌తో ఒక చిక్కుంది, మలబద్ధకం. ముక్కితే కుట్లు చిట్లుతాయేమో అనిపించేంత నొప్పి. మొదటి రోజు నుంచే రాత్రి ఇసబ్గోల్, పొద్దున బొప్పాయి. సిగ్గుపడి ఐదు రోజులు ఆగకండి, నేను ఆగాను, చాలు.

ఆరో రోజు ఒక ట్యూబు, ఎనిమిదో రోజు రెండోది తీశారు. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమన్నారు, సర్రున లాగారు. రెండు సెకన్ల మంట. ఆ తర్వాత తెలిసింది, ఇన్నాళ్ళూ నేను గాయం నొప్పి అనుకున్నదాంట్లో సగం ట్యూబులదేనని.

ఇంటికి కారులో వెళ్ళాం. విజయవాడ నుంచి చీరాల దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో ఎవరికైనా కావాలంటే నన్నడగండి. దిండు ఛాతీకి అడ్డం పెట్టి, దాని మీదుగా సీటు బెల్టు వేసుకున్నాను. ఇంట్లో మూడు వారాలు మంచం ఎక్కలేదు, మావగారి పడక కుర్చీలోనే నిద్ర. పడుకుంటే లేవడం నరకం, వాలితే పర్వాలేదు. నెలరోజులు ఇంట్లో ఎండుమిరపకాయ తాలింపు బంద్. దగ్గు కంటే తుమ్ము పది రెట్లు ఘోరం, దానికి దిండు అందుకునే టైము కూడా ఇవ్వదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "సిగరెట్టు ముట్టని ఆడమనిషికి ఊపిరితిత్తి జబ్బేంటి?" అని ఆరా తీశారు. నవ్వు ఆపుకోవాల్సి వచ్చింది, నవ్వినా నొప్పే.

కుట్లు మానాక ఇంకో రకం నొప్పి మొదలైంది. దీని గురించి ఎవరూ ముందు చెప్పలేదు. రొమ్ము కింద గిల్లితే తెలియదు, మొద్దుబారిపోయింది. కానీ జాకెట్టు గుడ్డ రాసుకుంటే నిప్పు. నలిగిన నరం నొప్పి అది, మామూలు మాత్రలకు లొంగదు. ప్రెగాబలిన్ అని వేరే మందు రాత్రిపూట ఇచ్చారు. మొదటి వారం పగలంతా మత్తు, బడికి చేరాక తొమ్మిదో తరగతిలో ఒక లెక్క రెండుసార్లు తప్పు చేశాను, పిల్లలు ఎంతో మర్యాదగా సరిదిద్దారు. రెండు నెలలకు బాగా తగ్గింది. నొప్పని చెయ్యి కదపకుండా ఉంటే భుజం బిగుసుకుపోతుంది, అందుకని రోజూ గోడ మీద వేళ్ళతో పాకించేదాన్ని. మా పిల్లల పొడుగు గీతలున్న గుమ్మం పక్కనే నా చెయ్యి ఎంతవరకు లేచిందో పెన్సిల్‌తో గీసుకున్నాను. మొదటి గీత మా చిన్నాడి యూకేజీ గీత కంటే కింద ఉంది. బోర్డు పైవరుస అందుకోవడానికి పదకొండు వారాలు పట్టింది.

ఎన్నాళ్ళు అని అడిగారు కదా. ఘోరమైన నొప్పి పదిహేను రోజులు. ఇబ్బంది మూడు నెలలు. ఇప్పుడు ఏడాది దాటింది, మబ్బు పట్టిన రోజున, బిగుతు జాకెట్టు వేసుకున్న రోజున గుర్తు చేస్తుంది, అంతే. జ్వరం వచ్చినా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా, గాయం నుంచి చీము కారినా మాత్రం ఇలాంటివి చదువుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

డిశ్చార్జి రోజున మందుల చీటీలో టైములు రాయించుకునేదాకా బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్ళకండి. ఒక గట్టి దిండు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, ఆసుపత్రి దిండ్లు అప్పడాల్లా ఉంటాయి. మీ నాన్నగారు హెడ్మాస్టరన్నారు. ఆయన నొప్పి ఐదు అంటే నర్సుకి ఎనిమిది అని చెప్పండి.